ఎల్బే నుంచి తెనాలి కాలవల దాకా
(స్మారకోపన్యాస పాఠం)

1951 ఫిబ్రవరి 9న మాస్కోలో స్టాలిన్ ఎదుట నలుగురు భారతీయులు కూర్చున్నారు. శ్రీపాద అమృత డాంగే, అజయ్ ఘోష్, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు. బసవపున్నయ్య సొంతూరు తూర్పుపాలెం, రేపల్లె దగ్గరి పల్లె. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన నాలుగు నెలలకు, 1914 డిసెంబరు 14న, ఆయన అక్కడ పుట్టారు. ముప్పై ఆరేళ్ళ వయసులో, అజ్ఞాతంలో ఉంటూనే, దేశం దాటి రహస్యంగా మాస్కో చేరారు.

వాళ్ళు తీసుకెళ్ళిన ప్రశ్న ఒకటే. చైనాలో మావో నడిచిన దారిన ఇక్కడా నడవవచ్చా? తెలంగాణలో అప్పటికి దాదాపు అయిదేళ్ళుగా సాయుధ పోరాటం సాగుతోంది. అడవుల్లో దళాలున్నాయి, వాటిని వెంటాడుతూ సైన్యం ఉంది. స్టాలిన్ జవాబులో మెత్తదనం లేదు. చైనా విప్లవ సేన మంచూరియా చేరాక దాని వెనక సోవియట్ దేశం దన్నుగా నిలిచింది. భారతదేశంలో గెరిల్లాలకు అలాంటి వెన్నుదన్ను లేదు, శత్రువు వాళ్ళను నాలుగు వైపులా చుట్టుముట్టగలడు. రైలు మార్గాలు కూడా చైనాకన్నా ఇక్కడ ఎక్కువ. ఇవన్నీ చెప్పి, తాను చెప్పేది ఆదేశం కాదు, సలహా అన్నాడు. అదే ఏడాది అక్టోబరు 21న తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వెలువడింది.

సలహా అనే మాటను ఆయన వాడాడు సరే. ఆ రోజుల్లో ఆ నోటి నుంచి వచ్చిన సలహాను పక్కన పెట్టగలిగిన కమ్యూనిస్టు పార్టీలు ప్రపంచంలో ఎన్ని?

ఈ ఉపన్యాసం బసవపున్నయ్య స్మృతికి అంకితం. ఆయన జీవితమంతా వాదనలో గడిపిన మనిషి, కార్యక్రమాలూ తీర్మానాలూ ముసాయిదాలూ రాసిన మనిషి. అటువంటి వ్యక్తికి పూలదండ వేసి చేతులు దులుపుకుంటే చాలదు. రేపల్లె తాలూకా మనిషి తన జిల్లా రైతుకూలీల సంగతి తేల్చుకోవడానికి మాస్కో దాకా ఎందుకు వెళ్ళవలసి వచ్చింది? యూరప్ ఖండాన్ని నడిమికి కోసిన తగాదా కృష్ణా డెల్టా గట్ల మీదికి ఎలా పాకింది? ఆయన స్మృతి సభలో అడగవలసిన ప్రశ్నలు ఇవే.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని సామెత. 1945 ఏప్రిల్ 25న జర్మనీలోని టోర్గావ్ దగ్గర, ఎల్బే నది ఒడ్డున, పడమటి నుంచి వచ్చిన అమెరికన్ సైనికులూ తూర్పు నుంచి వచ్చిన సోవియట్ సైనికులూ ఎదురుపడ్డారు. చేతులు కలిపారు, కౌగిలించుకున్నారు, ఫొటోలు దిగారు. అయిదు రోజులకు హిట్లర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ ఫొటోల్లో నవ్వుతున్న కుర్రాళ్ళ ముఖాల్లో కపటం కనిపించదు. యుద్ధం అయిపోయింది, ఇంటికి వెళ్ళవచ్చునన్న సంతోషమే కనిపిస్తుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి 1949 మేలో పశ్చిమ జర్మనీ, అక్టోబరులో తూర్పు జర్మనీ ఏర్పడ్డాయి. టోర్గావ్ తూర్పు వైపు పడింది.

ఈ పంపకాన్ని అర్థం చేసుకోవడానికి డెల్టా రైతుకు పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పెద్దమనుషులు కాగితం రాయకముందే ఎవరి అరక ఎక్కడ తిరుగుతోందో ఆ చెక్క వాళ్ళదైపోతుంది. తర్వాత రాసే కాగితం ఆ అనుభవాన్ని ఒప్పుకోవడానికే. 1944 అక్టోబరులో మాస్కోలో చర్చిల్ ఒక చిన్న కాగితం మీద దేశాల పేర్లూ, వాటి పక్కన పాళ్ళూ రాసి స్టాలిన్ ముందుకు జరిపాడు. రుమేనియాలో రష్యాకు 90 పాళ్ళు, గ్రీసులో బ్రిటన్‌కు 90 పాళ్ళు, యుగోస్లావియా చెరిసగం. ఆ దేశాల జనాన్ని ఎవరూ అడగలేదు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో ముగ్గురు నాయకులు పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలని రాసుకునేసరికే పోలండ్ గడ్డ మీద ఎర్రసేన నిలబడి ఉంది. కాగితం కన్నా అరక ముందు నడిచింది.

రెండు పక్షాలకూ భయముంది, అది నటన కాదు. సోవియట్ దేశం యుద్ధంలో దాదాపు 2.7 కోట్ల మందిని పోగొట్టుకుంది. ముప్పై ఏళ్ళలో రెండుసార్లు జర్మన్ సేనలు పడమటి సరిహద్దు దాటి వచ్చి పడ్డాయి. మళ్ళీ రాకుండా అడ్డుగా కొన్ని దేశాలు తన చేతిలో ఉండాలని స్టాలిన్ పట్టుబట్టాడు. అవతల, యూరప్ నడిబొడ్డు దాకా వచ్చి ఆగిన ఎర్రసేనను చూసి లండన్, వాషింగ్టన్ బెదిరాయి. ఫ్రాన్స్‌లో, ఇటలీలో కమ్యూనిస్టు పార్టీలు బలంగా ఉన్నాయి, జనం ఆకలితో ఉన్నారు. అమెరికా చేతిలో అణుబాంబు ఉంది, సోవియట్ చేతిలో 1949 దాకా లేదు. అయితే తన భయం తీరడానికి పొరుగు దేశాన్ని ప్రహరీగోడ చేసుకోవడం అన్యాయమే. 1948లో ప్రాగ్‌లోనూ 1956లో బుడాపెస్ట్‌లోనూ జరిగింది అదే. 1948 ఇటలీ ఎన్నికల్లో అమెరికా గూఢచారి సంస్థ డబ్బు గుమ్మరించడమూ ఆ జాతి పనే.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. 1946 మార్చి 5న అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ ఇనుప తెర మాటను లోకం నోట్లో పెట్టాడు. 1947 మార్చిలో ట్రూమన్ సిద్ధాంతం, జూన్‌లో మార్షల్ ప్రణాళిక. దాదాపు 1,300 కోట్ల డాలర్లు పశ్చిమ యూరప్‌కు చేరాయి. ఆ సాయం తీసుకోవాలని ఉబలాటపడిన చెకోస్లోవేకియాను మాస్కో వెనక్కి లాగింది. 1948 జూన్‌లో సోవియట్ సేనలు బెర్లిన్‌కు రోడ్డు, రైలు దారులు మూసేస్తే, పడమటి దేశాలు పదకొండు నెలలపాటు విమానాల్లో బొగ్గూ పిండీ మోశాయి. మూడేళ్ళ కిందట బాంబులు పడ్డ ఊరి మీద అవే దేశాల విమానాలు ఆహారం దింపాయి. 1949 ఏప్రిల్‌లో నాటో, 1955 మేలో వార్సా ఒప్పందం. 1961 ఆగస్టు 13 తెల్లవారేసరికి బెర్లిన్ వీధుల నడుమ ముళ్ళకంచె, దాని వెనకే గోడ.

తెనాలికి మాత్రం ఈ కథ తగాదాతో మొదలు కాలేదు, స్నేహంతో మొదలైంది. ఆ స్నేహమే ముందు ఊరిని చీల్చింది.

1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ దేశం మీద పడేదాకా భారత కమ్యూనిస్టులకు అది సామ్రాజ్యవాదుల యుద్ధం. ఆ ఏడాది చివరికి అది ప్రజాయుద్ధమైంది. మాస్కో, లండన్ ఒక పక్షమైనప్పుడు లండన్‌ను ఎదిరిస్తే మాస్కోకు దెబ్బ అన్నది వాళ్ళ లెక్క. 1942 జూలైలో బ్రిటిష్ ప్రభుత్వం పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. మరుసటి నెల 8న బొంబాయిలో గాంధీజీ క్విట్ ఇండియా పిలుపునిచ్చారు. 12వ తేదీన తెనాలిలో జనం రైల్వే స్టేషన్ మీదికి వెళ్ళారు, స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో ఏడుగురు నేలకొరిగారు. తెనాలిలోని రణరంగ చౌక్ వాళ్ళ గుర్తుగానే నిలిచి ఉంది. ఫాసిజాన్ని ఓడించకుండా ఏ స్వాతంత్ర్యమూ దక్కదని నమ్మిన యువకులూ, ఇంటి దొరను ముందు వెళ్ళగొట్టాలన్న యువకులూ అదే ఊళ్ళో, అవే వీధుల్లో తిరిగారు. ఇద్దరి నిజాయితీనీ శంకించనక్కర్లేదు. కానీ పార్టీ ఆనాడు తీసుకున్న వైఖరి దాని మెడకు ఉచ్చుగా చుట్టుకుంది, ఆ మచ్చ ఎన్నికలొచ్చినప్పుడల్లా బయటికొచ్చింది.

ఆరు నెలలకు, 1943 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో, అదే తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది. దానికి పదకొండు రోజుల ముందే స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేన లొంగిపోయింది. తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు తేదీలూ ఒకే పేజీలో పెద్దగా కనిపించవు. కనిపించాలి. ఫాసిజానికి ఎదురుగా ప్రపంచమంతా ఏకమైందన్న నమ్మకం గాలిలో ఉన్న రోజులవి. వ్యవసాయం, వర్తకం, నాటకం, అచ్చుపని కలగలిసి ఆంధ్రా ప్యారిస్ అనిపించుకున్న తెనాలికి ఆ నమ్మకం ఇట్టే ఒంటబట్టింది. ఆ యుద్ధాన్ని సమర్థించిన వాళ్ళు మరికొందరు కూడా తెనాలిలో ఉన్నారు, ఎం.ఎన్. రాయ్ అనుచరులు. న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి వాళ్ళలో ముఖ్యుడు. తెలుగు నవలను లోచూపు వైపు తిప్పిన త్రిపురనేని గోపీచంద్ రాయ్ పార్టీలో పనిచేసినవాడే. తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిజం వైపు నడిచారు. యుద్ధ కాలంలో హిట్లర్ ఓడాలన్న దగ్గర ఈ రెండు వర్గాలూ ఒకటి. యుద్ధం ముగిశాక స్టాలిన్ పాలనను ఎలా చూడాలన్న దగ్గర బద్ధ విరోధులు. 1948 డిసెంబరులో రాయ్ పార్టీనే రద్దు చేసి మానవవాదం అన్నాడు. పెద్ద రాజ్యాల మధ్య స్నేహం చెదిరినప్పుడే తెనాలి మేధావుల మధ్యా స్నేహం చెదిరింది.

తగాదా కాలం వచ్చింది. 1947 సెప్టెంబరులో పోలండ్‌లో జరిగిన యూరప్ కమ్యూనిస్టు పార్టీల సమావేశంలో సోవియట్ నాయకుడు ఝ్దానోవ్ లోకం రెండు శిబిరాలైందన్నాడు. ఆ మాట కలకత్తా చేరడానికి అయిదు నెలలు పట్టింది. 1948 ఫిబ్రవరి 28న అక్కడ మొదలైన పార్టీ రెండో మహాసభ బి.టి. రణదివేను కార్యదర్శిగా ఎన్నుకుని దేశమంతటా తిరుగుబాటు దారి పట్టింది. ఆంధ్ర నాయకులు రష్యా నమూనా ఇక్కడ నప్పదు, చైనా దారి నప్పుతుంది అని వాదించారు. అప్పటికి మావో ఇంకా పెకింగ్‌లో అడుగు పెట్టలేదు. ప్రపంచంలో చాలామంది కమ్యూనిస్టులకు ఆ పేరు మీద గురి కుదరని రోజుల్లో, కృష్ణా గోదావరి జిల్లాల నాయకులు ఆ వ్యూహాన్ని చదివి సొంతంగా ఒక సిద్ధాంత పత్రం రాశారు. దాని తప్పొప్పుల సంగతి ఎలా ఉన్నా, సొంత నేలను చూసి సొంతంగా ఆలోచించాలన్న ఆ పట్టుదల మెచ్చుకోదగ్గది.

ఆ తర్వాత జరిగిందే బాధ కలిగిస్తుంది. 1950 జనవరి 27న బుకారెస్ట్‌లో అచ్చయ్యే కమ్యూనిస్టు పత్రిక ఒక సంపాదకీయంలో ఆసియా దేశాలకు చైనా దారిని మెచ్చుకుంది. నాలుగైదు నెలల్లో రణదివే దిగిపోయారు, రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. రెండేళ్ళపాటు ఆంధ్ర నాయకులు చేసిన వాదన నెగ్గించలేని మాటను పరాయి దేశపు పత్రికలో ఒక సంపాదకీయం నెగ్గించింది. మరుసటి ఫిబ్రవరిలో మాస్కోలో ఆ చైనా దారి కూడా కుదరదని తేలింది. ఉపన్యాసం మొదట చెప్పిన సమావేశం అదే.

మరో సంపాదకీయం కూడా జనవరిలోనే వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. దేశంలో కమ్యూనిస్టులు ఓటుతో ప్రభుత్వం చేపట్టే మొదటి రాష్ట్రం ఇదేనని ఢిల్లీ నుంచి వాషింగ్టన్ దాకా అనుకున్నారు. పత్రికలు, పోస్టర్లు, బుర్రకథలు, మైకులు డెల్టాను ఊపేశాయి. కమ్యూనిస్టులు వస్తే ఏమవుతుందో అంటూ యూరప్ తూర్పు దేశాల కథలు పల్లెల్లో వినిపించారు. సరిగ్గా ప్రచారం ముదిరిన సమయంలో, జనవరి 26న మాస్కో ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెస్ ప్రచారకులకు అది వరమైంది. మీ మాస్కోయే మా నెహ్రూను పొగిడాక మీరు ఎవరిని తిడుతున్నారని సభల్లో అడిగారు. 196 స్థానాల్లో కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులకు 15. ఓట్లు మాత్రం దాదాపు 31 శాతం. ఓటమికి కారణం ప్రావ్దా ఒక్కటే అనడం తేలికపాటి మాట. ఎదుటి పక్షాలన్నీ ఒక్కటై ఒకే అభ్యర్థిని నిలపడమూ, భూమి ఉన్నవాళ్ళకు పట్టుకున్న భయమూ బలంగా పనిచేశాయి. అయినా మాస్కోకు ఢిల్లీతో స్నేహం అవసరమైన రోజున తెనాలి కమ్యూనిస్టు ఒంటరివాడయ్యాడన్నది నిజం. మరుసటి ఏడాది సెలిగ్ హారిసన్ అనే అమెరికన్ ఒక పరిశోధక పత్రికలో కులం, ఆంధ్ర కమ్యూనిస్టులు అన్న విషయం మీద వ్యాసం రాశాడు. కమ్మ, రెడ్డి అన్న మాటలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో వినిపించడానికి ప్రచ్ఛన్న యుద్ధం కారణమైంది.

బాపట్లలో కథ ఇంకో తీరు. అక్కడ పోటీ పంట పొలం మీదుగా వచ్చింది.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 జూలై 11న మొదలైంది. ఆరు రోజులకు పోట్స్‌డామ్‌లో విజేతలు ఆఖరుసారి కలిసి కూర్చున్నారు. రెంటికీ సంబంధం లేదు, అప్పటికి. పదేళ్ళు గడిచేసరికి ఆసియా పల్లెల్లో ఆకలి ఎర్రజెండాకు దారి అవుతుందన్న భయం అమెరికాను ఆవహించింది. 1954లో వచ్చిన పి.ఎల్. 480 చట్టం కింద గోధుమలు ఓడలకెక్కాయి. ఆ తరం వాళ్ళకు బడిలో ఇచ్చిన పాలపొడీ గోధుమ రవ్వ ఉప్మా గుర్తుంటాయి, వాటి వెనక ఉన్న లెక్క తెలియదు. 1965, 66 కరువుల్లో అధ్యక్షుడు జాన్సన్ వియత్నాం విషయంలో భారత్ మాటలకు కోపగించి గోధుమలను నెలకు ఇంత అని కొలిచి వదిలాడు. అన్నం పెట్టే చేతికి అంత కొలత ఉంటుందని దేశం అప్పుడే తెలుసుకుంది.

అమెరికా సాయంతోనే కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విద్యకు తోడ్పడింది. అక్కడి నిపుణులు ఇక్కడికి వచ్చారు, ఇక్కడి అధ్యాపకులు అక్కడికి వెళ్ళి చదువుకున్నారు. 1964 జూన్ 12న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, బాపట్ల కళాశాల అందులో చేరింది. 1968 మార్చిలో అమెరికా సహాయ సంస్థ అధిపతి విలియం గాడ్ హరిత విప్లవం అన్న పేరు పెట్టినప్పుడు, అది సోవియట్‌ల ఎర్ర విప్లవం లాంటిది కాదని ఎత్తి చూపుతూనే పెట్టాడు. ఎరుపుకు పోటీగా పుట్టిన మాట ఆకుపచ్చ.

బియ్యం కొట్లో బస్తా మీద బీపీటీ అని కనబడుతుంది. ఆ మూడక్షరాలు బాపట్లవే. 1986లో విడుదలైన బీపీటీ 5204, సాంబమసూరి, అక్కడి పరిశోధన క్షేత్రం బిడ్డ. దాని వంశవృక్షంలో దక్షిణాది జీఈబీ 24 ఉంది, మలేషియా నుంచి వచ్చిన మసూరి ఉంది, తైవాన్‌లో పుట్టిన పొట్టి వరి తైచుంగ్ నేటివ్ 1 ఉంది. చైనా రెండుగా చీలడం వల్ల వేరు రాజ్యంగా మిగిలిన ద్వీపం తైవాన్. అక్కడి వరి మనిలా దగ్గర అమెరికన్ ఫౌండేషన్లు 1960లో పెట్టిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దారిన 1960ల నడుమ భారత పొలాల్లోకి వచ్చింది. తెలుగు ఇళ్ళల్లో రోజూ ఉడికే అన్నంలో ఆ చీలిక తాలూకు గింజ ఉంది. బాపట్ల శాస్త్రవేత్తలు దాన్ని ఇక్కడి నోటికి తగ్గట్టు మలిచారు. పెద్ద రాజ్యాల పోటీ నుంచి ఈ ప్రాంతం సంపాదించుకున్న వాటిలో ఇది అన్నిటికన్నా విలువైనదని చెప్పవచ్చు. అదే బాపట్ల పక్కన, సూర్యలంక వైమానిక స్థావరంలో, సోవియట్ కాలంలో రూపొందిన ఇగ్లా క్షిపణులను సముద్రం మీదికి పేల్చి చూస్తారు. పొలంలో ఒక పక్షం, ఒడ్డున రెండో పక్షం.

వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైన నెల తిరగకుండానే తెనాలి మళ్ళీ దేశం కంట్లో పడింది.

ఈసారి విడిపోయినవాళ్ళు వేరే మిత్రులు. 1950 ఫిబ్రవరి 14న సోవియట్, చైనా ముప్పై ఏళ్ళ స్నేహ ఒప్పందం రాసుకున్నాయి. పదేళ్ళకే, 1960 జూలైలో, క్రుష్చేవ్ చైనా నుంచి తన నిపుణులను వెనక్కి పిలిపించాడు. సగం కట్టిన ఫ్యాక్టరీలు అలాగే మిగిలాయి. 1962 అక్టోబరు 20న చైనా సైన్యం సరిహద్దు దాటి వచ్చింది. నవంబరులో వందలమంది కమ్యూనిస్టులు భారత రక్షణ నిబంధనల కింద జైలుకెళ్ళారు. జైల్లోనూ బయటా వాదన ఆగలేదు. 1964 ఏప్రిల్ 11న పార్టీ జాతీయ సమితి నుంచి 32 మంది లేచి బయటికి వచ్చారు. వాళ్ళలో పుచ్చలపల్లి సుందరయ్య, బసవపున్నయ్య, తరిమెల నాగిరెడ్డి, మోటూరు హనుమంతరావు ఉన్నారు.

జూలై 7 నుంచి 11 దాకా వాళ్ళు తెనాలిలో సమావేశమయ్యారు. లక్షమంది సభ్యుల తరఫున వచ్చామన్న 146 మంది ప్రతినిధులు. మావో నిలువెత్తు చిత్రపటం. సరిహద్దు యుద్ధం ముగిసి రెండేళ్ళు కూడా కాలేదు, సైన్యంలో బంధువులున్న ఇళ్ళకు ఆ పటం ఎలా కనిపించి ఉంటుందో ఊహించవచ్చు. అది తప్పు. ఆ పటం పెట్టినవాళ్ళు దేశద్రోహులని అప్పుడు పడిన ముద్రా తప్పే. ఎందుకంటే ఆ సభలో అసలు చర్చ నెహ్రూ కాంగ్రెస్‌ను ఎలా చూడాలన్నది, భూమి సంగతి ఏం చెయ్యాలన్నది. బసవపున్నయ్య తయారుచేసిన ముసాయిదా కార్యక్రమం మీద బెంగాల్ నుంచి వచ్చిన అతివాద బృందం విరుచుకుపడింది. వర్గపోరాటాన్ని పలచన చేశారనీ, మాస్కో పెకింగ్ తగువులో చైనా వైపు గట్టిగా నిలవలేదనీ వాళ్ళ ఆరోపణ. ఆ ఆరోపణే ఇప్పుడు ఆయన గౌరవంగా కనిపిస్తుంది. పదమూడేళ్ళ కిందట స్టాలిన్ ఎదుట విద్యార్థిలా కూర్చున్న మనిషి, సొంత తాలూకాకు కూతవేటు దూరంలో, రెండు రాజధానుల్లో దేనికీ పూర్తిగా వంగని కాగితం రాశారు.

అక్టోబరు 31న కలకత్తాలో మొదలైన మహాసభలో చీలిక ఖాయమైంది. కొత్త పార్టీ సీపీఎంకు సుందరయ్య ప్రధాన కార్యదర్శి. తొమ్మిదిమంది పొలిట్‌బ్యూరోలో బసవపున్నయ్య ఒకరు. డెల్టాలో కంకి కొడవలి ఒకరికి మిగిలింది, సుత్తి కొడవలి నక్షత్రం ఇంకొకరిదైంది. విశాలాంధ్ర పత్రిక సీపీఐతో ఉండిపోయింది, 1981లో ప్రజాశక్తి దినపత్రికగా సీపీఎం వైపు నుంచి వచ్చింది. జైల్లో ఒకే గదిలో పడుకున్నవాళ్ళు ఎన్నికల్లో ఒకరికొకరు ఎదురు నిలబడ్డారు. ఇది చెప్పుకోవడానికి చిన్న విషయంలా ఉంటుంది, అనుభవించిన ఇళ్ళకు మాత్రం చిన్నది కాదు.

రెండు రాజధానులకూ దూరంగా ఉండటం ఊరికే రాలేదు. 1967 జూలైలో పెకింగ్ పత్రిక నక్సల్బరీ తిరుగుబాటును ఆకాశానికెత్తి సీపీఎం నాయకత్వాన్ని దుమ్మెత్తి పోసింది. మాస్కో అప్పటికే సీపీఐ పక్షాన ఉంది. 1968 ఏప్రిల్‌లో బర్ద్వాన్ ప్లీనంలో పార్టీ ఇద్దరి తప్పులూ ఎత్తి చూపింది. దానికి పెద్ద ధర చెల్లించింది ఆంధ్రలోనే. నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వేరుపడ్డారు. 1943లో తెనాలిలో ఒక్కటిగా కూడిన రచయితల్లో మిగిలినవాళ్ళూ, వాళ్ళ తర్వాతి తరమూ 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడ్డాక రెండు గట్ల మీద నిలబడ్డారు.

యూరప్‌లో గీత చెరిగిపోవడానికి ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. 1989 నవంబరు 9 రాత్రి బెర్లిన్ గోడ ఎక్కిన జనాన్ని ఏ సైన్యమూ ఆపలేదు. 1991 డిసెంబరు 25న క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది. మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని తెలుగులోకి అనువదించిన పుస్తకాలు, నున్నటి కాగితం మీద రంగురంగుల బొమ్మలతో పిల్లల చేతికి తక్కువ ధరకు వచ్చిన పుస్తకాలు, రావడం మానేశాయి.

1992 జనవరి మొదటివారంలో సీపీఎం పద్నాలుగో మహాసభ మద్రాసులో జరిగింది. సోవియట్ లేని లోకంలో అది మొదటి మహాసభ. 1951లో మాస్కో వెళ్ళిన నలుగురిలో అజయ్ ఘోష్ 1962లో, డాంగే 1991లో పోయారు. బసవపున్నయ్య 1992 ఏప్రిల్ 12న కన్నుమూశారు. క్రెమ్లిన్ జెండా దిగి అప్పటికి నూట తొమ్మిది రోజులు.